నాలుగు ధ్యానాల తూకం

నాగావళి ఒడ్డున ములగవలసలో నివసించిన నరహరి దీక్షితులవారికి ఒక నియమం ఉండేది. శిష్యుడు అడిగిన ప్రశ్నకు ఆయన ఆనాడే బదులు చెప్పేవారు కారు. "రేపు ఉదయం మళ్ళీ అడుగు, నాయనా" అనేవారు. తెల్లవారేసరికి చాలా ప్రశ్నలు అడిగినవారికే మొగమాటం కలిగించేవి. కొన్ని నిద్రలోనే రాలిపోయేవి. మరునాటికి కూడా నిలిచి ఉన్నదానిని మాత్రమే ఆయన ఆదరంతో చేతికి తీసుకునేవారు. పేరిశాస్త్రి అడిగిన ప్రశ్న ఏడు ఉదయాలు నిలిచింది. ఏడవ ఉదయాన అతడు దానిని నోటితో అడగలేదు. కాగితం మీద గళ్ళు గీసి తెచ్చాడు.

పేరిశాస్త్రి అవధాని. అతని తాత అవధాని, తండ్రి అవధాని. ఆ యింట ఇంటిపేరు కన్న ముందు ఆ మాటే వినిపించేది. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని ఎనిమిది రకాలుగా మనస్సును లాగుతూ ఉంటే చెదరక నిలవడమే అష్టావధానం. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు వర్ణన అడుగుతారు, ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు, ఒకరు సందర్భం లేని మాటలతో నవ్వించి చీకాకు పరుస్తారు, ఒకరు తమకు తోచినప్పుడల్లా గంట కొడతారు. అవధాని నాలుగు ఆవృత్తాలలో, ఆవృత్తానికొక పాదం చొప్పున, పద్యాలన్నీ పూరించాలి. పిమ్మట అన్నిటినీ తిరిగి అప్పగించాలి. ఆఖరున గంట ఎన్నిసార్లు మోగిందో చెప్పాలి.

నిరుడు ఒక పట్నంలో పేరిశాస్త్రి అన్నీ నిర్వహించి, ఆ ఆఖరి మెట్టు మీద జారాడు. గంట మోగినది పద్నాలుగు సార్లు. అతడు చెప్పినది పదిహేడు. "తక్కిన మూడూ తమ ఇంట్లో మోగాయా, అవధానిగారూ?" అని అప్రస్తుత ప్రసంగం చేసే పెద్దమనిషి అడిగాడు. సభ విరగబడి నవ్వింది. ఆనాటినుంచి పిలుపులు తగ్గాయి, తరవాత ఆగాయి. దీక్షితులవారి మాట మీద రాయవలస గ్రంథాలయంవారు మాత్రం రానున్న పౌర్ణమికి ఒక సభ ఏర్పాటు చేశారు. ఆ సభలో మళ్ళీ తప్పితే అవధాని అన్న మాటను తన పేరునుంచి తీసివేస్తానని పేరిశాస్త్రి తన తండ్రి పటం ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నాడు.

ఈ ఏడాదిలో అతడు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మనస్సును కట్టివేసే విద్య ఎక్కడ దొరుకుతుందంటే అక్కడికి వెళ్ళాడు. మొదటిది నగరంలోని ఒక ధ్యానకేంద్రంలో నేర్చిన మంత్రం. చల్లని గది, తెల్లని పరుపులు, చెవిలో ఊదిన రెండక్షరాలు. ఆ రెండక్షరాలకు రెండు పాడిగేదెలను అమ్మవలసి వచ్చింది, అక్షరానికొక గేదె చొప్పున. రెండవది కొండమీద పదిరోజుల మౌనంలో నేర్చిన శ్వాసపరిశీలన. అక్కడ రుసుము లేదు. అయితే ఆ పదిరోజులలోనే ఇంట్లో పెద్దమ్మాయికి పెళ్ళిచూపులు జరిగాయి. తిరిగివచ్చిన భర్తకు ఇల్లాలు కామాక్షమ్మ మరో పదిరోజుల మౌనాన్ని కొసరుగా ప్రసాదించింది. మూడవది దీపశిఖను రెప్పవేయక చూసే త్రాటకం. నేర్పినవాడు ధనం ముట్టలేదు. తనమీద నూటొక్క పద్యాల స్తుతి కోరాడు. గేదెలు గడప దాటినప్పుడు కలగని నొప్పి ఆ నూటొక్క పద్యాలలో ప్రతి పాదం చివరా పేరిశాస్త్రికి కలిగింది.

నాలుగవది దీక్షితులవారు చెప్పినదే. "పొద్దున ఏటిమెట్ల మీద కూర్చో. వినబడిందల్లా విను. లేచి ఇంటికి పో." అంతే. దానికి వెల లేదు, దీక్ష లేదు, మంచిరోజు చూడడమైనా లేదు. అందువల్లనే దానిమీద అతనికి గురి కుదరలేదు. చేస్తూనే ఉన్నాడు గాని, ఊరికే వచ్చినదానిలో బలం కూడా ఆ మాత్రమే ఉంటుందేమోనని లోలోపల అనుమానం.

కాగితంలో గళ్ళు నాలుగు వరుసలుగా ఉన్నాయి. నేర్చిన సాధన, అయిన వ్యయం, పట్టిన కాలం, కలిగిన ఫలం.

"గురువుగారూ, తమరే సెలవియ్యాలి. పెట్టినదానికి తగిన ఫలమిచ్చేది ఈ నాలుగింటిలో ఏది? ఎక్కువ పోసి కొన్నది ఎక్కువ పనిచేయాలి కదా! మరి ఊరికే దొరికినది..." అని పేరిశాస్త్రి చప్పున ఆగాడు, ఆ ఊరికే దొరికినదానిని ఇచ్చినవారు ఎదుటనే కూర్చుని ఉన్నారని గుర్తుకువచ్చి.

దీక్షితులవారు కోపగించలేదు. కాగితాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని, "ఆఖరి వరుస ఖాళీగా విడిచావేం?" అన్నారు.

"అది సభలో నింపుదామని. ఆవృత్తాలు నాలుగు, సాధనలు నాలుగు. మొదటి ఆవృత్తంలో మంత్రాన్ని పట్టుకుంటాను, రెండవదానిలో శ్వాసను, మూడవదానిలో దీపాన్ని భావిస్తాను, నాలుగవదానిలో తమరు చెప్పినట్టు వింటాను. ఏ ఆవృత్తంలో మనస్సు ఎంత నిలిచిందో చూసుకుంటూ పోతే ఆ సాయంకాలానికే తేలిపోతుంది."

అవధానుల వంశంలో పుట్టినవాడికి తప్ప ఇంకొకరికి తట్టని ఉపాయం అది. చెబుతూ ఉంటే పేరిశాస్త్రి కళ్ళు మెరిశాయి. దీక్షితులవారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అతని చేతికే ఇచ్చారు. ఒకప్పుడు ఆయన కూడా సభలను ఏలినవారే. "రాయవలసలో గంట ఎవరు పడుతున్నారు?" అని అడిగారు.

"ఇంకా ఎవరూ కుదరలేదండీ."

"నేను పడతాను" అని ఆయన స్నానానికి లేచారు. ప్రశ్నకు బదులు అదేనని పేరిశాస్త్రి ఆనాడు గ్రహించలేదు.

పౌర్ణమినాడు మధ్యాహ్నం గ్రంథాలయం ముందరి రేకుల మండపం నిండిపోయింది. చోటు చాలక ప్రహరీగోడ మీద కూడా జనం కూర్చున్నారు. అవధాని తొట్రుపాటు చూడడానికి వచ్చినవారు వారిలో కొందరున్నారు; ఆ సంగతి పేరిశాస్త్రికి తెలుసు. రాయవలసలో ఒక వాడుక ఉంది. గంట పట్టేవారు అవధాని వీపు వెనక కూర్చుంటారు. వారికీ సభకూ నడుమ తెర కడతారు. కొట్టే చెయ్యి జనానికి కనబడితే వారి ముఖాలలో ఆ లెక్కను అవధాని చదివేస్తాడని పూర్వులు చేసిన కట్టుబాటు అది. దీక్షితులవారు కంచుగంటను ఒడిలో పెట్టుకుని తెరచాటుకు వెళ్ళారు. వెనుదిరిగి చూడడం అవధానికి నిషిద్ధం.

సంచాలకుడు సభ ఆరంభించగానే పేరిశాస్త్రి అనుకున్న ప్రకారం రెండక్షరాల మంత్రాన్ని లోపల నిలబెట్టాడు. నిలబెట్టి, ఎంత నిలిచిందా అని పక్కకు వచ్చి చూసుకోబోయాడు. ఇంతలో అప్రస్తుత ప్రసంగానికి కూర్చున్న సన్యాసిరాజుగారు గొంతు సవరించుకున్నారు. ఆయన జీడితోటల ఆసామి, మాటకు పదునెక్కువ.

"అవధానిగారూ! పట్నంలో మంత్రానికి చాలా సమర్పించుకున్నారట. మా ఆవిడ పైసా ఖర్చు లేకుండా పొద్దస్తమానం నా పేరే జపిస్తూ ఉంటుంది. ఆవిడకు మోక్షం వస్తుందంటారా?"

"ఆవిడ మాట చెప్పలేను, రాజుగారూ. వింటున్న తమకు మాత్రం వైరాగ్యం ఖాయం!"

మండపం రేకులు అదిరేలా సభ నవ్వింది. సన్యాసిరాజుగారు అందరికన్న బిగ్గరగా నవ్వారు. ఆ నవ్వు సద్దుమణగక ముందే నిషిద్ధాక్షరి వహించిన త్రిపురాంబగారు కళ్ళజోడు సర్దుకుని, "వాన మీద చెప్పండి" అన్నారు. బాలికల పాఠశాలలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి విరమించిన పండితురాలు ఆమె. పేరిశాస్త్రి "మే" అన్నాడు. మేఘం రాబోతోందని ఆమె అక్కడే పసిగట్టారు.

"ఘ వద్దు."

"లు" అన్నాడు పేరిశాస్త్రి. మేఘం కావలసినది మేలు అయి కూర్చుంది. "భేష్!" అని ఎవరో కేక వేశారు. త్రిపురాంబగారి పెదవి కొసన చిన్న నవ్వు పుట్టింది. మరుక్షణమే ఆమె తరవాతి అక్షరానికి వల పన్నారు. వలలో నుంచి వలలోకి దూకుతూ, ఒక్కొక్క దూకుకు ఒక్కొక్క వానచినుకును రాల్చుకుంటూ పేరిశాస్త్రి పాదం చివరికి చేరేసరికి మంత్రం ఎక్కడ జారిపోయిందో అతనికి తెలియదు. అది పోయిందన్న సంగతి కూడా తెలియదు.

రెండవ ఆవృత్తం వచ్చింది, శ్వాస సంగతి గుర్తురాలేదు. ప్రహరీ అవతల పాలైసు బండివాడు టింగుటింగుమని మూడుసార్లు మోగించుకుంటూ వెళ్ళాడు. "అవధానిగారూ, పిలవకుండానే వచ్చిన ఈ పృచ్ఛకుణ్ణి ఏం చేద్దాం?" అన్నారు సన్యాసిరాజుగారు. "అతని సరుకు కరిగిపోయేది కనుక అతనికి తొందర. తమ ప్రశ్నలు ఎంతకూ కరగవు కనుక నాకు నిదానం" అన్నాడు పేరిశాస్త్రి. పద్యాలు ఒకదాని వెనక ఒకటి, ఏటి తీరాన లంగరు తీసిన పడవల్లాగ కదిలాయి. వర్ణన అడిగిన వృద్ధుడు బొటనవేలితో తాళం వేస్తూ ఊగిపోతున్నాడు. గోడమీది జనం గోడ మరచిపోయారు.

మూడవ ఆవృత్తంలో సన్యాసిరాజుగారు తెరవైపు చూపు విసిరి, "తెర వెనక మీ గురువుగారు చేస్తున్నది ధ్యానమా, నిద్రా?" అని అడిగారు.

"ఒకసారి లేపి చూడండి. కోప్పడితే నిద్ర, నవ్వితే ధ్యానం!"

జనం నవ్వుతూ ఉండగా పేరిశాస్త్రి గుండె గతుక్కుమంది. గంట! ఇంతవరకు గంట మోగిన గుర్తే లేదు. మోగుతూ ఉంటే తానే వినలేదా? నిరుడు లేనివి విన్న చెవి ఈ యేడు ఉన్నవాటిని విడిచిందా? ఆ భయం పుట్టిన మరునిమిషంలో మంత్రం, శ్వాస, దీపం, ఏటిమెట్లు నాలుగూ నేనంటే నేనని ఒక్కసారి ముందుకు వచ్చాయి. దేన్ని పట్టుకోవాలో తెలియక అతడు తడుముకోబోయాడు. ఎదుట త్రిపురాంబగారు చూపుడువేలు ఎత్తి ఎదురుచూస్తున్నారు. "ర వద్దన్నాను, అవధానిగారూ. తరవాతి అక్షరం?" ఆ అక్షరం ఇవ్వాలి. ఇచ్చాడు. దాని వెంట మరొకటి వచ్చింది. భయం, నాలుగు సాధనలు, నిరుటి నవ్వు అన్నీ అక్కడే గట్టుమీద ఉండిపోయాయి. అతడు మళ్ళీ ప్రవాహంలోకి వెళ్ళిపోయాడు.

నాలుగవ ఆవృత్తం ముగిసింది. ధారణ మొదలైంది. పూరించిన పద్యాలన్నిటినీ ఒక్క అక్షరం తొట్రుపడకుండా, ఒకదానిమీద ఒకటి పూలదండలు వేసినట్టు అతడు సభకు అప్పగించాడు. చప్పట్లు మిన్నుముట్టాయి. సంచాలకుడు చెయ్యెత్తి వారించి, అందరూ కాచుకున్న ప్రశ్న అడిగాడు.

"అవధానిగారూ, గంట ఎన్నిసార్లు మోగింది?"

పేరిశాస్త్రి లోపలికి చూసుకున్నాడు. అక్కడ అంకె లేదు. ఏ సభలోనైనా గంట పదిసార్లకు తక్కువ, పాతికసార్లకు ఎక్కువ మోగదు. ఇది అవధానులందరికీ తెలిసిన మర్మం. పదిహేను అంటే చాలు. తప్పినా రెండు మూడింటి తేడాతో తప్పుతుంది. రాయవలసవారు మర్యాదస్థులు, పొరపాటని సరిపెట్టుకుంటారు. ఒట్టు సంగతి తనకూ తండ్రికీ మధ్య ఉంటుంది. అట్లా కాక లోపల ఉన్నది ఉన్నట్టు చెబితే? అది తప్పయితే పోయేది బిరుదు ఒక్కటే కాదు. గురువు ఒడిలోని గంటను ఒక్కసారైనా విననివాడు చెవిటివాడే అని ఊరూరా చెప్పుకుంటారు.

అతడు ఆ మధ్యాహ్నాన్నంతటినీ మొదటినుంచి మళ్ళీ విన్నాడు. పాలైసు బండి మూడుసార్లు. ఎవరి చేతికర్రో రాతిమీద పడిన చప్పుడు ఒకసారి. త్రిపురాంబగారు వేలు ఊపినప్పుడల్లా గాజుల గలగల. దూరాన మందకు ముందు నడిచే ఆవు మెడలో టకటకమనే చెక్కగంట. వర్ణన అడిగిన వృద్ధుడి తాళం. ప్రతి ధ్వనీ తన చోటున తాను, పొద్దున ఏటిమెట్ల మీద వినబడినట్టుగా, చెక్కుచెదరక ఉంది. కంచు మాత్రం ఎక్కడా లేదు.

అతడు లేచి నిలబడ్డాడు.

"గంట మోగలేదు."

సభ గొల్లుమంది. "అయ్యో, పాపం!" అని ఆడవారి వైపునుంచి జాలిమాట వినవచ్చింది. ముందు వరుసలో ఒక మోతుబరి తన పక్కవాడితో, "నేను పదకొండు విన్నాను" అన్నాడు. "పదకొండేమిటి, పదమూడు!" అని పక్కవాడు వేళ్ళు మడిచి మరీ చూపించాడు. గోడమీదివారు ఎనిమిది దగ్గర రాజీపడ్డారు. సన్యాసిరాజుగారు తొడ చరిచి, "అవధానిగారూ, నిరుడు ఎక్కువ విన్నారు, ఈ యేడు అసలే వినలేదు. రెండూ కలిపితే సగటు సరిపోయింది లెండి!" అన్నారు. పేరిశాస్త్రి వెనుదిరిగి చూడలేదు. చెప్పినది చెప్పినట్టే ఉంచి నిలుచున్నాడు.

తెర తొలగింది. దీక్షితులవారు మెల్లగా ముందుకు వచ్చి, గంటను జనానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని బలంగా ఊపారు. చప్పుడు లేదు. మళ్ళీ ఊపారు. అప్పుడు కనిపించింది అందరికీ: గంట నాలుక చుట్టూ మెత్తని పత్తి, పత్తి మీద దారం, దారానికి మూడు ముడులు. సభ మొదలుకావడానికి ముందే వేసిన ముడులవి. ఆయన వాటిని నిదానంగా విప్పి, పత్తిని తీసి భుజాన ఉన్న ఉత్తరీయం కొసన కట్టుకుని, ఒకే ఒక్కసారి మోగించారు. ఆ ఖంగుమన్న నాదం మండపమంతా తిరిగి రేకులను తాకి సన్నగిల్లేవరకు ఒక్కరూ కదలలేదు.

మొదట లేచినది త్రిపురాంబగారు. ఆమె లేవడంతో సభ సభే లేచింది. పదకొండు విన్నవాడూ పదమూడు విన్నవాడూ ఒకరినొకరు చూసుకోకుండా చప్పట్లు చరిచారు. గోడమీదనుంచి దూకినవారు పేరిశాస్త్రిని భుజాలకెత్తుకున్నారు. వర్ణన అడిగిన వృద్ధుడు కన్నీళ్ళు తుడుచుకుంటూ, "నీ తాత సభ చూశాను, నీ తండ్రి సభ చూశాను, ఇటువంటిది చూడలేదు నాయనా" అన్నాడు. సన్యాసిరాజుగారు జనాన్ని తోసుకుని వచ్చి, తన భుజంమీది జరీ కండువాను తీసి అవధానికి కప్పారు. "నేనూ తొమ్మిది లెక్కపెట్టానండీ! పాతికేళ్ళుగా ఒకరిని తికమకపెట్టి ఎరుగుదునే గాని, నేను పడడం ఇదే మొదలు. ఇక ఈ చుట్టుపక్కల అవధాని అంటే తమరే" అని చెయ్యెత్తి మొక్కారు. మేళం లేకపోతేనేమి, ఆ సాయంకాలం రాయవలస వీధిలో అతని వెంట నడిచిన జనమే మేళమయింది. "అవధానిగారూ" అన్న పిలుపు ఆ వీధి మొదటినుంచి చివరిదాకా అరుగు అరుగునా వినబడింది.

ములగవలసకు తిరిగి వచ్చే బస్సులో గురుశిష్యులు పక్కపక్కన కూర్చున్నారు. కిటికీ అవతల ఏరు బంగారంలాగ మెరుస్తోంది. పేరిశాస్త్రికి నెత్తిమీద విజయం, లోపల ఒక చిన్న లోటు. చివరికి బిడియపడుతూ నోరు విప్పాడు.

"గురువుగారూ, తమరు మన్నించాలి. నాలుగింటినీ పరీక్షించి తేల్చుకుందామనే సభ ఎక్కాను. తీరా ఎక్కాక ఏ ఆవృత్తంలో దేన్ని పట్టుకున్నానో, ఏది ఎంత పనిచేసిందో ఒక్కసారైనా గమనించలేదు."

దీక్షితులవారు ఏటివైపునుంచి చూపు తిప్పకుండానే నవ్వారు.

"గమనించి ఉంటే, నాయనా, నీ చెవిలో ఎన్ని గంటలు మోగేవో!"